డేటా రికవరీ షాపు – 4వ పాఠం: పెట్టుబడి ఎక్కడ కరుగుతుంది?

పాడవుతున్న డిస్కుకు ముందు పూర్తి కాపీ తీసి, ఆ తర్వాతే ఫైళ్ల జోలికి వెళ్లాలని గత పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి డబ్బు లెక్క. క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఈ పనిలోకి దిగాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "పీసీ-3000 ఎంతవుతుంది?" అని. పాడైన డిస్కుల నుంచి డేటా లాగడానికి రష్యాలో పుట్టిన ఏస్ ల్యాబ్ తయారుచేసే పరికరాల సెట్టు అది. లక్షల్లో ఉంటుంది, అప్‌డేట్లకూ సపోర్టుకూ ఆ తర్వాత విడిగా కట్టుకోవాలి. నా మాట వింటే మొదటి ఏడాది దాని జోలికి పోకండి. చెరిగిపోయిన ఫైళ్లు, ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవులు, కొద్దిగా బ్యాడ్ సెక్టార్లు (చదవలేని చోట్లు) ఉన్న డిస్కులు... వీటికి ఒక లినక్స్ మెషీను, డిస్కును కాపీ తీయడానికి ఉచితంగా దొరికే డీడీరెస్క్యూ, ఫైళ్లు వెతికి తీసే ఆర్-స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒకటి చాలు. టక్ టక్ మని కొట్టుకునే డిస్కు వస్తే విప్పకుండా పెద్ద ల్యాబుకు పంపి కమీషన్ మాట్లాడుకోండి. డేటాను చదివే హెడ్, డేటా ఉండే పళ్లెం (ప్లాటర్) మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది, దుమ్ము రేణువు దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఏసీ గదిలో తలుపులేసుకుని విప్పితే ఏం కాదని చెప్పేవాళ్లను నమ్మకండి. దుమ్ము వడకట్టిన గాలి ఒకే తీరున వీచే ఐఎస్‌ఓ 5 స్థాయి లామినార్ ఫ్లో బెంచ్ కొన్నాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

అసలు డబ్బు కరిగేది డోనర్ల దగ్గర. హెడ్లు మార్చాలంటే వాటిని తీసుకోవడానికి అలాంటిదే ఇంకో డిస్కు కావాలి, దాన్నే డోనర్ అంటాం. మోడల్ నంబరు కలిస్తే సరిపోదు. ఫర్మ్‌వేర్ (డిస్కు లోపల దాన్ని నడిపించే ప్రోగ్రాం), హెడ్ల సంఖ్య, ఎక్కడ తయారైంది, ఏ నెలల్లో తయారైంది, ఇవన్నీ వీలైనంత దగ్గరగా ఉండాలి. పోనీ డిస్కుకున్న సర్క్యూట్ బోర్డు ఒక్కటే కాలిందనుకున్నా, కొత్త బోర్డు తెచ్చి బిగిస్తే చాలా మోడళ్లలో పని జరగదు. ఆ డిస్కుకే ప్రత్యేకమైన వివరాలున్న రోమ్ చిప్పును పాత బోర్డు నుంచి తీసి కొత్తదానికి అతకాలి. సికింద్రాబాద్ సీటీసీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి కంప్యూటర్ బజార్లలో పాత డిస్కుల గుట్టలో లేబుళ్లు చదువుకుంటూ కూర్చోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఇప్పుడు లెక్క. అంకెలు ఊహించినవే, పద్ధతి చూడండి. నెలకు 8 హెడ్ కేసులు. డోనర్ ఒక్కోటి 5,000 అంటే 40,000. అందులో 4 కేసుల్లో డేటా రాలేదు. "డేటా రాకపోతే డబ్బు వద్దు" అని బోర్డు పెట్టారు కాబట్టి ఆ నలుగురి దగ్గర పైసా రాదు. అంటే డేటా వచ్చిన నాలుగు కేసులూ తలా 10,000 డోనర్ ఖర్చే మోయాలి. అద్దె, కరెంటు, మీ కూలి, 18 శాతం జీఎస్టీ ఇంకా ఆ పైన. ఈ లెక్క వేయకుండా పక్క షాపు రేటు చూసి కోట్ చేసినవాళ్లే తొందరగా మూసేస్తారు.

కాలానికీ ధర ఉంది. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్కును సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే మూడు గంటల్లోపే కాపీ అవుతుంది. నీరసించిన డిస్కు సెకనుకు 1 ఎంబీయే ఇస్తే? 11 రోజులు దాటుతుంది. అన్నాళ్లూ ఒక మెషీను దానికే అంకితం, కస్టమర్ రోజూ ఫోన్.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని, చిప్పుల డిస్కు) కేసుల్లో ముందే రెండు ప్రశ్నలు అడగండి: ఫైళ్లు చెరిపేశారా, బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉందా? చెరిపిన చోటును ఎస్‌ఎస్‌డీ తుడిచేసేలా చెప్పే ట్రిమ్ ఆదేశం పనిచేసి ఉంటే చెరిపిన ఫైళ్లు దాదాపు రావు. బిట్‌లాకర్ ఉండి, రికవరీ కీ గానీ పాస్‌వర్డు గానీ లేకపోతే డిస్కు బాగుపడ్డా ఫైళ్లు తెరుచుకోవు. అలాంటివి కౌంటర్ దగ్గరే వద్దనండి, మొహమాటపడకండి.

అభ్యాసం: పై లెక్కలో విఫలమయ్యే కేసులు 4 కాకుండా 5 అనుకుని, అద్దె 15,000 కలిపి, జీఎస్టీకి ముందు డేటా వచ్చిన ఒక్కో కేసుకు కనీస రేటు ఎంతో కట్టండి. మీ కూలి ఎంత వేసుకున్నారో పక్కన రాయండి. వచ్చే పాఠంలో డిస్కు తీసుకునేటప్పుడు కస్టమర్‌తో సంతకం చేయించుకోవలసిన కాగితం తయారుచేద్దాం.