తుప్పు పట్టిన కాటర్ పిన్ను తీయాలంటే

రంగు సంగతి తర్వాత. రాడ్ బ్రేకుల పాత హెర్క్యులిస్ సైకిల్ చేతికొస్తే నేను ముందు పట్టుకునేది క్రాంకునే, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీనే. దాన్ని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందురోజు రాత్రే నూనె వేసి నానబెట్టండి. నట్టు పూర్తిగా తీయొద్దు. పిన్ను కొసతో సమానంగా వదులు చేస్తే మర చితకదు. క్రాంకు కింద ఇనుప గొట్టం నిలబెట్టి, అప్పుడు సుత్తితో ఒక్కటే గట్టి దెబ్బ. టకటకా కొడితే పిన్ను వంగుతుంది, పైగా ఆ అదురు బేరింగులకు చేటు.

ఇరుసు బేరింగు గోళీలు కూర్చునే కప్పుల్లో చైన్ వైపుదానిది ఎడమ మర, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక కప్పు పాడుచేసే మెకానిక్కులు బోలెడు! గోళీలు కిరసనాయిల్లో కడిగి గ్రీజు దట్టించండి. తిరిగి బిగించేటప్పుడు ఒక పిన్ను నట్టు పైకుంటే రెండోది కిందికి ఉండాలి, లేకపోతే పెడళ్లు ఒకే వరసలో నిలవవు.