నలుగురికీ ఒకే టీవీ చాలు

సంక్రాంతికి అమలాపురం వైపు బావలూ బావమరుదులూ ఒకచోట చేరినప్పుడు, పేకముక్కలు పక్కనపెట్టి ‘గోల్డెన్‌ఐ 007’ అనే తుపాకుల వీడియో గేమ్ ఆడి చూడండి. 1997లో నింటెండో 64 అనే గేమ్ యంత్రం కోసం రేర్ సంస్థ చేసిన ఆట. 2023 నుంచి స్విచ్, ఎక్స్‌బాక్స్ అనే గేమ్ యంత్రాల చందాల్లోనూ ఉంది. తెర నాలుగు భాగాలవుతుంది కాబట్టి ఇంట్లో ఉన్న పెద్ద టీవీనే వాడండి. హైదరాబాదులో ఉండిపోయిన తమ్ముడినీ ఆన్‌లైన్‌లో కలుపుకోవాలంటే మాత్రం స్విచ్చే కావాలి.

ముందే ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఆడ్‌జాబ్ పాత్రను ఎవరూ తీసుకోకూడదు. అతను పొట్టి, గురి నెత్తి మీదుగా పోతుంది. కొత్తల్లుడు అడిగినా సరే, ఇవ్వకండి! ‘లైసెన్స్ టు కిల్’ పద్ధతి ఎంచుకుంటే ఒక్క తూటాకే పని అయిపోతుంది, కొత్తవాళ్లకూ గెలిచే వీలుంటుంది.

అసలు మజా ప్రాక్సిమిటీ మైన్లలో ఉంది. దగ్గరికి ఎవరొచ్చినా పేలతాయి. నేల మీద కాకుండా గుమ్మం దాటగానే పైకప్పుకు అంటించండి, పరుగెత్తేవాడు తల ఎత్తి చూడడు. కానీ మీరు పెట్టేది పక్కవాళ్లకు అదే తెరపై కనిపిస్తుంది. వాళ్లు ఒకరితో ఒకరు తలపడుతున్నప్పుడే పని కానివ్వండి. పెట్టిన చోటు గుర్తుంచుకోండి, అవి పెట్టినవాళ్లనీ వదలవు.