రోజువారీ కారును తక్కువ ఖర్చుతో ట్రాక్ డేకు సిద్ధం చేసుకోవడం

ట్రాక్ డే అంటే పందెం కాదు. రేస్ ట్రాక్‌ను ఒక రోజు అద్దెకు తీసుకున్న నిర్వాహకులు, రుసుము కట్టినవారిని వారి సొంత వాహనాలతో పదిహేను ఇరవై నిమిషాల విడతలుగా ట్రాక్ మీదికి వదులుతారు. అక్కడ విజేతలుండరు, బహుమతులుండవు. వరంగల్ వైపు నుంచి వెళ్లేవారు ముందుగా తలచుకునేది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌ను. దాని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఇంకా దూరం. హన్మకొండ నుంచి ఖమ్మం, విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నైకి దాదాపు 700 కిలోమీటర్లు ఉంటుంది. కారును లారీ మీద ఎక్కించి పంపే స్తోమత లేనివారు దాన్ని అంత దూరం నడుపుకుంటూ వెళ్లి, రోజంతా ట్రాక్ మీద కష్టపెట్టి, మళ్లీ అదే కారులో ఇంటికి చేరి, సోమవారం ఉదయం డ్యూటీకి వెళ్లాలి. కాబట్టి చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును కారు ఆగడానికి, చల్లబడటానికి, క్షేమంగా తిరిగి రావడానికి ఖర్చు చేయాలే తప్ప ఇంజిన్ బలం పెంచడానికి కాదు.

స్పానర్ పట్టుకునే ముందు బీమా కాగితం తీసి చదవండి. మన దేశంలోని మోటారు పాలసీల్లో వినియోగ పరిమితులు అనే భాగం ఉంటుంది. నిర్వహించిన పందేలకు, వేగ పరీక్షలకు వాహనాన్ని వాడితే రక్షణ వర్తించదని అందులో సాధారణంగా రాసి ఉంటుంది. ట్రాక్ మీద కారు గోడకు తగిలితే ఆ ఖర్చు మన జేబులోంచే పోతుందనుకుని బయలుదేరడం మంచిది. ఆ ఖర్చు భరించలేని కారును అక్కడికి తీసుకెళ్లకపోవడమే మేలు. ఇక సాధన కోసమంటూ బైపాస్ రోడ్డు మీద వేగం చూపడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

అన్నిటికంటే ముందు చూడవలసినవి బ్రేకులు. డ్రైవరుతో కలిపి 970 కిలోలుండే చిన్న హ్యాచ్‌బ్యాక్‌ను ఊళ్లో 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 135 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారును ట్రాక్ మీద తిన్నని దారి చివర 140 నుంచి 60కి తగ్గిస్తే పుట్టే వేడి దాదాపు 600 కిలోజౌళ్లు, అంటే రెండు లీటర్ల మంచినీళ్లను మరిగే స్థితికి తేగలిగినంత. ఈ వేడి ప్రతి చుట్టులోనూ పలుమార్లు, చల్లబడే వ్యవధి లేకుండా, ముందు చక్రాల డిస్క్‌లను నొక్కి కారును ఆపే ప్యాడ్ల మీదనే ఎక్కువగా పడుతుంది. అప్పుడు బ్రేకులు రెండు రకాలుగా మొరాయిస్తాయి. పెడల్ గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయని అర్థం. పెడల్ మెత్తబడి నేలదాకా పోతే బ్రేక్ ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరాయని అర్థం. రెండోది మరింత ప్రమాదకరం, అయితే దాన్ని నివారించడానికి అయ్యే ఖర్చే తక్కువ.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ అంకెలతో గుర్తిస్తారు. ప్రమాణాల ప్రకారం డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, తేమ పట్టాక 140 డిగ్రీల దాకా మాత్రమే నిలవాలి. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కు 260, 180. కారుతో ఇచ్చిన మాన్యువల్ అనుమతిస్తే డాట్ 4 గానీ 5.1 గానీ పోయించుకోవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ ద్రవం, దాన్ని వీటితో కలపకూడదు. షాపులో మూత తీసి ఉంచిన పెద్ద డబ్బాలోంచి కొలిచి పోస్తే పుచ్చుకోవద్దు. సీలు తీయని చిన్న సీసాలే కొనండి.

పాత ఆయిల్ తీసే పని ఇద్దరు మనుషులుంటే ఇంటి దగ్గరే అయిపోతుంది. చక్రం విప్పి, క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) మీదున్న నిపిల్‌కు, అంటే ఆయిల్ బయటికి వదిలే చిన్న మరకు, పారదర్శకమైన సన్నని పైపు తొడిగి, దాని రెండో కొనను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. లోపల కూర్చున్నవారు పెడల్‌ను మెల్లగా తొక్కి పట్టుకుంటే, బయటివారు నిపిల్‌ను పావు మలుపు వదులు చేస్తారు. పెడల్ అడుగుకు చేరేలోపు నిపిల్ బిగించి, ఆ తర్వాతే కాలు తీయమని చెప్పాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది. మొదట ముదురు గోధుమ రంగు ఆయిల్ వస్తుంది, తర్వాత మెల్లగా తేటబడుతుంది. బుడగలు లేని లేత రంగు ఆయిల్ ఆగకుండా వచ్చేదాకా చేయాలి. ఈలోగా బానెట్ కింద ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కనీస గీత కిందికి పోకుండా పోస్తూ ఉండాలి. ఏ చక్రం నుంచి మొదలుపెట్టాలో మాన్యువల్ చెబుతుంది. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకుంటే పెయింటు లేచిపోతుంది.

ప్యాడ్లు సగానికంటే ఎక్కువ అరిగి ఉంటే కొత్తవి వేయించి, పాత జతను డిక్కీలో పెట్టుకోండి. మీ మోడల్‌కు ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు దొరికితే బడ్జెట్‌లో మొదటి పెద్ద ఖర్చు వాటికే కేటాయించాలి. కొత్త ప్యాడ్లను వెనుక ఎవరూ రాని ఖాళీ దారిలో మితమైన వేగం నుంచి పలుమార్లు, కారు పూర్తిగా ఆగకుండా తగ్గిస్తూ డిస్క్‌కు అలవాటు చేసి, చల్లారనిచ్చాకే ప్రయాణం పెట్టుకోవాలి.

తర్వాతి విషయం చల్లదనం. ఉత్తర తెలంగాణలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే వాహనాల వెంట రోడ్డంతా దూది ఎగురుతుంది, వరికోతల దుమ్ము దానికి తోడవుతుంది. ఇదంతా ఏసీ కండెన్సర్‌కూ దాని వెనుక ఉన్న రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే గ్రిల్ శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చ్ వేసి పై నుంచి సందులోకి చూస్తే మట్టితో కలిసి బూడిద రంగు పొరగా గడ్డకట్టిన దూది కనిపిస్తుంది. దాన్ని మెత్తని కుంచెతో వదులు చేసి, ఇంజిన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే సన్నని రేకులు వంగి గాలి దారే మూసుకుపోతుంది. కూలెంట్ పాతదైతే మార్చాలి. బోరు నీళ్లు పోయడం మానుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో కంపెనీ చెప్పిన పాళ్లలో కలపాలి.

ఇంజిన్ ఆయిల్ మట్టం పై గీత దగ్గర ఉండాలి, దాన్ని దాటకూడదు. పొడవైన మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయినప్పుడు మట్టం తక్కువగా ఉంటే పంపుకు అందదు. మందంగా ఉండే గ్రేడు పోస్తే ఇంజిన్‌కు రక్షణ అని కొందరు మెకానిక్‌లు చెప్పే మాట వినకండి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే, తాజాగా పోయించండి.

టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. ఐదారేళ్లు దాటినవి, పగుళ్లు పట్టినవి, రీట్రెడ్ చేసినవి ట్రాక్‌కు పనికిరావు. సైజు పక్కనున్న అక్షరం వేగ పరిమితిని చెబుతుంది. టీ అంటే 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. ఖరీదైన టైర్లు కొనే ముందు ఒక మంచి ప్రెషర్ గేజ్ కొనండి. టైర్ పక్కగోడ అంచున సుద్దతో గీత గీసి మొదటి విడత పూర్తి చేసి రండి. సుద్ద ఎంతవరకు చెరిగిందో చూస్తే టైర్ ఎంతగా ఒరిగి నేలకు రాసుకుందో తెలుస్తుంది. వేడికి గాలి ఒత్తిడి ఐదారు పీఎస్ఐ పెరగడం మామూలే. గాలి హెచ్చుతగ్గులు చేసేటప్పుడు ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకోవాలి. చక్రాల నట్లను పంక్చర్ షాపులో గన్‌తో బిగించనివ్వకుండా టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి), ఎదురెదురు వరుసలో మీరే బిగించుకోవాలి. చాలా చిన్న కార్లకు ఈ బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, సరైన అంకె మాన్యువల్‌లోనే చూడాలి.

స్ప్రింగ్‌లు కోయించి కారును కిందికి దించడం, సైలెన్సర్ మార్చడం, చక్రాలను బయటికి జరిపే స్పేసర్లు వేయడం ఇవేవీ వద్దు. ఆ డబ్బుతో అలైన్‌మెంట్ చేయించి, చిరిగిన సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు మార్పించుకోవచ్చు. బ్యాటరీ క్లాంప్ కదలకుండా ఉందో లేదో చేత్తో ఊపి చూడండి. కారును లాగడానికి తగిలించే టో హుక్‌ను ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూసుకోండి, కొన్ని కార్లలో దాని మర ఎడమవైపుకు తిరుగుతుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్ ఏ ప్రమాణానిది కావాలో నిర్వాహకులను ముందే అడగాలి. నైలాన్, పాలిస్టర్ నిప్పుకు కరిగి చర్మానికి అంటుకుంటాయి కనుక ఒంటి నిండా నూలు బట్టలే వేసుకోవాలి. మన వరంగల్ వైపు వాటికి కొదవేమీ లేదు.

ట్రాక్ చేరాక స్టెప్నీ, జాకీ, ఫ్లోర్ మ్యాట్లు, నీళ్ల సీసాలు అన్నీ దించేయండి. పెట్రోల్ సగం ట్యాంకుకు తగ్గకుండా చూసుకోండి. ప్రతి విడతలో చివరి చుట్టు బ్రేకులు వీలైనంత తక్కువగా వాడుతూ నెమ్మదిగా తిరిగి రావాలి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు. వేడెక్కిన ప్యాడ్లు గానీ, డ్రమ్ బ్రేక్ షూలు గానీ ఒకే చోట ఒత్తుకుని ఉంటే డిస్క్‌కు, డ్రమ్‌కు చెరుపు. గేరులో ఉంచి చక్రం కింద రాయి పెట్టండి.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు చక్రాలు చేతికి తగిలేంత చల్లారాక నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూసి, గాలిని రోడ్డుకు తగిన అంకెకు తెచ్చి, ఆయిల్, కూలెంట్ మట్టాలు సరిచూడాలి. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్లకు దగ్గరపడితే, డిక్కీలో ఉన్న పాత జత దానికంటే మందంగా ఉంటే దాన్ని అక్కడే వేసుకోవాలి, లేకుంటే చెన్నైలోనే కొత్తవి వేయించుకుని మర్నాడు బయలుదేరాలి. పెడల్ ఏ కొంచెం మెత్తగా అనిపించినా ఆయిల్ మార్చకుండా నెల్లూరు దారి పట్టవద్దు.