ట్యాటింగ్ పాఠం 3: ముడి ఏ దారానిది?

షటిల్ అనే చిన్న పడవలాంటి పనిముట్టుకి చుట్టిన దారంతో ముడులు వేస్తూ లేసు అల్లడమే ట్యాటింగ్. ఈసారి అందులో పీకో, అంటే ముడుల మధ్య చెవిలా లేచే దారం, నేర్పుతానని మాటిచ్చాను. అది చివర్లో నాలుగు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ముందు తేల్చుకోవాల్సిన గొడవ ఒకటుంది. రెండో పాఠం చూసి రింగు (ముడుల వరసని లాగి గుండ్రంగా మూసేది) మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి 20 ముడులూ వరసగా, ముద్దుగా పడ్డాయి. తీరా షటిల్ దారం లాగితే రింగు మూసుకోలేదు. పట్టుదల ఎక్కువున్నవాళ్లు దారం తెంపుకున్నారు కూడా. తప్పు నాదే. "ముడిని ఎడమ చేతి దారానికి దాటించండి" అని ఒక్క వాక్యం రాసేసి ముందుకెళ్లిపోయాను. ఏళ్ల తరబడి వేళ్లు వాటంతటవే చేసుకుపోతున్న పని కదా, అందులో చెప్పేదేముందిలే అనుకున్నాను.

షటిల్‌కి దారం చుట్టడం, ఎడమ చేతికి దారం తిప్పి బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకోవడం మళ్లీ చెప్పను. అవి వచ్చేశాయి.

రింగుని లంగా బొందులా ఊహించుకోండి. షటిల్ దారం బొందు, దాని మీద వరసగా కూర్చున్న ముడులు బొందు దూర్చే మడత. బొందు లాగితే మడత కుచ్చులుపడి దగ్గరికొస్తుంది. కానీ బొందుకే మధ్యలో ముడిపడితే? ఎంత లాగినా అక్కడ ఆగిపోతుంది. మీ రింగులో జరిగింది అదే. అన్నీ తప్పు పడనక్కర్లేదు, 20లో ఒక్కటి చాలు.

ఈ తప్పు పూలు కట్టడం బాగా వచ్చినవాళ్లకే ఎక్కువ జరుగుతుంది. మల్లెలు కట్టేటప్పుడు కుడి చేతిలో ఆడే దారమే కాడల చుట్టూ తిరుగుతుంది, అదే మెలిక పడుతుంది, దాన్నే లాగి బిగిస్తాం. ట్యాటింగ్‌లో సరిగ్గా తిరగబడాలి. తిరిగేది షటిల్ దారమే, కానీ ముడి మాత్రం కదలకుండా ఉన్న ఎడమ చేతి దారానిది కావాలి. వినడానికి తిక్కగా ఉంటుంది. చేసి చూద్దాం.

ముడి మొదటి సగం. షటిల్‌ని ఎడమ చేతి దారం కిందనుంచి పోనిచ్చి, పైనుంచి వెనక్కి తీసుకోండి. ఆగండి. ఇప్పుడు చూస్తే షటిల్ దారం ఎడమ దారానికి చుట్టుకుని ఉంది. ఇలాగే బిగిస్తే రింగు పాడైనట్టే. ఎడమ మధ్యవేలు కిందికి వంచి ఆ చేతి దారాన్ని పూర్తిగా వదులు చేయండి. తర్వాత షటిల్ దారాన్ని కుడివైపుకి, తిన్నగా, తాడులా బిగించండి. చుట్టు టక్కున ఎడమ దారానికి మారుతుంది, షటిల్ దారం నిటారుగా మధ్యలో మిగులుతుంది. కుడి చెయ్యి అలాగే బిగపట్టి, ఇప్పుడు మధ్యవేలు పైకెత్తండి. ముడి జారుకుంటూ వచ్చి బొటనవేలి దగ్గర కూర్చుంటుంది. రెండో సగం కూడా ఇంతే, షటిల్ మాత్రం పైనుంచి వెళ్లి కిందనుంచి వస్తుంది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మధ్యవేలు ఎత్తే క్షణంలో అందరూ కుడి చెయ్యి వదులు చేస్తారు. చుట్టు మళ్లీ షటిల్ దారానికి వచ్చేస్తుంది, అది గమనించకుండా తర్వాతి ముడికి వెళ్లిపోతారు. ఆ క్షణంలో కుడి చెయ్యి గుళ్లో విగ్రహంలా ఉండాలి. కదిలేది ఎడమ చేతి వేలొక్కటే. దారం బిగువు రెండు చేతుల్లో ఒకేసారి ఉండదు. ఒకటి బిగిస్తే రెండోది వదలాలి.

నమ్మకం కుదరకపోతే రెండు రంగులు తీసుకోండి. షటిల్‌లో ఎర్ర దారం, ఎడమ చేతికి తెల్ల దారం, రెండు కొసలూ కలిపి ముడేయండి. తెల్ల దారం రెండో కొసని చిటికెన వేలికి రెండు చుట్లు చుడితే జారదు. సరిగ్గా పడితే ముడులన్నీ తెల్లగా ఉండి, ఎర్ర దారం మీద పూసల్లా జారుతాయి. ఎర్ర ముడి కనపడిందా, అదే దొంగ.

నర్సాపురం లేసు అల్లేవాళ్లకి ఇంకో మాట. అది క్రోషే. కొక్కెం సూదితో తీసిన గొలుసు తప్పుపోతే ఒక్క లాగుతో ఊడుతుంది. ఇక్కడ అన్నీ ముడులే కాబట్టి ఒక్కోటీ గుండుసూది మొనతో వదులు చేసి, షటిల్ వెనక్కి దూర్చి విప్పుకోవాలి. చిన్నప్పుడు రుమాలు అంచు మొదటి రింగుకి 40 ముడులు వేసి, బలవంతంగా లాగి దారం తెంపుకుని ఏడ్చాను. అప్పట్నుంచీ నాలుగు ముడులకోసారి షటిల్ దారం కొంచెం అటూ ఇటూ లాగి చూస్తాను. జారితే ముందుకి, జారకపోతే ఆఖరి నాలుగింట్లోనే వెతుకుతాను.

నల్ల దారం, 80 నంబరు సన్న దారం ఇప్పుడే వద్దు. 20 నంబరు క్రోషే దారం, లేత రంగుది తీసుకోండి. ఎంబ్రాయిడరీ దారం పోగులు విడిపోయి ప్రాణం తీస్తుంది. షటిల్ దొరక్కపోతే మందపాటి ప్లాస్టిక్ డబ్బా మూత పడవ ఆకారంలో కత్తిరించి, రెండు కొసల్లో చిన్న గాట్లు పెట్టి దారం చుట్టుకోండి. నేను రెండేళ్లు దానితోనే నెట్టుకొచ్చాను.

ఇక పీకో. ఒక ముడి వేశాక తర్వాతి ముడిని అర సెంటీమీటరు దూరంలో బిగించి, దాన్ని మొదటిదాని పక్కకి జరపండి. మధ్య దారం చిన్న చెవిలా పైకి లేస్తుంది. అంతే. ముడి జారేవాళ్లకే పీకో వస్తుంది, అందుకే ఇంత చెప్పాల్సొచ్చింది.

సాధన: రెండు రంగులతో జానెడు పొడవు. 20 నంబరు దారంతో సుమారు 200 ముడులు పడతాయి. ఒక్క ఎర్ర ముడి కూడా ఉండకూడదు. మధ్యలో ఎర్రది పడితే అక్కడిదాకా విప్పి మళ్లీ వేయండి. చివర్లో తెల్ల ముడులన్నీ ఒక కొసకి తోసి, మళ్లీ రెండో కొసకి తోసి చూడండి. అయ్యాక ఎర్ర దారం కత్తిరించకండి, నాలుగో పాఠంలో అది కావాలి.