క్లాస్ డయాగ్రామ్ గీయడానికి డబ్బు పెట్టక్కర్లేదు

బీటెక్, ఎంసీఏ ప్రాజెక్టులకు యూఎంఎల్ బొమ్మలు (సాఫ్ట్‌వేర్ ఎలా కట్టారో చూపే ప్రామాణిక బొమ్మలు; కోడ్‌లోని క్లాసులనూ వాటి సంబంధాలనూ చూపే క్లాస్ డయాగ్రామ్ అందులో ఒకటి) గీయాల్సినవాళ్లు ముందు ఒకటి తేల్చుకోండి: ఆ బొమ్మ ఒక్కసారి రిపోర్టులో పెట్టి వదిలేసేదా, కోడ్‌తోపాటు మారుతూ ఉండేదా?

ఒక్కసారికైతే డ్రా.ఐఓ అనే ఉచిత బొమ్మల సాధనం చాలు. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, లాగిన్ అడగదు, ఫైల్ మీ కంప్యూటర్‌లోనే దాచుకోవచ్చు. కాకపోతే అది గీసేది ఉత్త బొమ్మే. ఒక క్లాస్ పేరు మార్చితే, ఆ పేరున్న ప్రతి పెట్టెనూ మీరే వెతికి మార్చాలి.

మారేదైతే నా ఓటు ప్లాంట్‌యూఎంఎల్ అనే ఉచిత సాధనానికే. ఇందులో గీయడం ఉండదు, రాయడమే; రాసినదాన్ని అదే బొమ్మగా మారుస్తుంది. లైబ్రరీ ప్రాజెక్టులో మెంబర్, స్టూడెంట్ అనే రెండు క్లాసుల మధ్య <|-- అని పెడితే ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ లక్షణాలు ఇంకోదానికి రావడం) బాణం వస్తుంది. *-- పెడితే కంపోజిషన్ (ఒకటి ఇంకోదానిలో భాగం కావడం). పెట్టెలు ఎక్కడ పెట్టాలో అదే చూసుకుంటుంది (ఒక్కోసారి మనకు నచ్చనిచోట పెడుతుంది, సర్దుకోవాలి). అంతా టెక్స్ట్ కాబట్టి గిట్‌లో (ఫైళ్ల మార్పులను నమోదు చేసే సాధనం) పెడితే ఎవరు ఏ లైను మార్చారో కనిపిస్తుంది. మీ కంప్యూటర్‌లో నడపాలంటే జావా ఉండాలి.

ఆ జావా తలనొప్పి వద్దనుకుంటే మెర్మెయిడ్ చూడండి, ఇదీ టెక్స్ట్ నుంచి బొమ్మ చేసేదే. రీడ్‌మీ ఫైల్‌లో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైల్) రాస్తే, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ దాన్ని నేరుగా బొమ్మగా చూపిస్తుంది. యూజ్ కేస్ డయాగ్రామ్ (ఎవరు సిస్టమ్‌తో ఏం చేస్తారో చూపే బొమ్మ) కూడా కావాలంటే మాత్రం ప్లాంట్‌యూఎంఎల్ దగ్గరే ఆగండి.