పెద్ద వయసులో నిద్ర పట్టట్లేదా? మాత్ర అడిగే ముందు కారణం వెతకండి

వయసు పైబడితే నిద్ర తగ్గడం మామూలేనని చాలామంది సరిపెట్టుకుంటారు. గాఢనిద్ర తగ్గే మాట నిజమే. కానీ 65 దాటినవారికీ 7 నుంచి 8 గంటల నిద్ర కావాల్సిందే.

సమస్య: తెల్లవారుజామున 3కే మెలకువ
కారణం: వయసుతో పాటు నిద్ర త్వరగా వచ్చి, మెలకువా త్వరగా వస్తుంది. రాత్రి 8కి పడుకుంటే 3కల్లా 7 గంటలు పూర్తవుతాయి. దీన్ని నిద్రలేమి అనుకుని కంగారుపడొద్దు.
పరిష్కారం: సాయంత్రం ఎండ ఉండగానే కాసేపు నడవండి. రోజూ పడుకునే వేళను కొద్దికొద్దిగా ఆలస్యం చేయండి.

సమస్య: మూత్రానికి పదేపదే లేవడం
కారణం: రాత్రి నీళ్లు మానేసినా తగ్గట్లేదంటే కాళ్లు చూడండి. సాయంత్రం చీలమండ పైన వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే గుంట పడుతుందా? అయితే అది నీటి వాపు. పగలంతా కాళ్లలో చేరిన నీరు, పడుకోగానే తిరిగి రక్తంలో కలిసి మూత్రంగా బయటికొస్తుంది. బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రను రాత్రిపూట వేసుకున్నా ఇదే ఇబ్బంది.
పరిష్కారం: మధ్యాహ్నం కాసేపు కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. మాత్ర వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగండి. వాపు ఉంటే గుండె, కిడ్నీలు, లేకున్నా షుగర్, మగవారికైతే ప్రోస్టేట్ చూపించుకోవాలి.

సమస్య: కాళ్లు కదపకుండా ఉండలేకపోవడం
ఐరన్ తగ్గినా ఇలా అవుతుంది. ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ రక్తపరీక్ష చేయించండి.

సమస్య: గురక, మధ్యలో ఊపిరి ఆగడం
ఇది స్లీప్ ఆప్నియా కావచ్చు. రాత్రి మూత్రం ఎక్కువ రావడానికీ ఇదొక కారణమే. పక్కన పడుకునేవారు గమనించిందంతా డాక్టరుకు చెప్పాలి. కొన్ని నిద్రమాత్రలతో ఇది ఇంకా ముదురుతుంది.

సమస్య: మంచమెక్కగానే టెన్షన్
కారణం: నిద్ర రాకుండా గంటలకొద్దీ దొర్లితే, మంచం చూస్తేనే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది.
పరిష్కారం: దాదాపు 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి వేరేచోట కూర్చోండి, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోండి. టైమ్ మాత్రం చూడొద్దు, అంచనా చాలు. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. ఈ పద్ధతులన్నీ నేర్పి, నిద్ర గురించిన ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్సే సీబీటీ-ఐ. దీర్ఘకాలిక నిద్రలేమికి డాక్టర్లు మాత్రల కన్నా ముందు సూచించేది దీన్నే.

నిద్రమాత్రలతో పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. నిద్ర కోసం వేసుకునే పాతరకం అలర్జీ మాత్రలతోనూ అయోమయం వస్తుంది. నిద్రమాత్రలు ఎప్పటినుంచో వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.