పన్ను, గొంతు, చెవి కలిసి నొప్పెడితే ముందు చూడవలసింది నోరు

పన్ను, గొంతు, చెవి ఒకే వైపున కలిసి నొప్పెడితే మూడు జబ్బులు వచ్చాయని కంగారుపడనక్కరలేదు; చాలాసార్లు మూలం ఒక్కచోటే ఉంటుంది. పళ్ల నుండి, చెవి ముందు భాగం నుండి నొప్పిని మోసేది ఐదవ కపాల నాడి (మెదడు నుండి నేరుగా వచ్చే నరం) కాగా, టాన్సిల్స్ నుండి, మధ్యచెవి నుండి మోసేది తొమ్మిదవది. ఇవి మెదడుకు చేరే దారులు దగ్గరదగ్గరగా ఉండటంతో, నొప్పి పుట్టినచోటు తెలియక మనం చెవిని పట్టుకుంటాం. కాబట్టి చెవిలో కాచిన నూనె పోసే అలవాటు మానుకోవాలి.

అద్దం ముందు నిలబడి, ఫోను లైటు వేసుకుని, నొప్పి ఉన్న వైపు కింది వరుసలో చివరి పన్ను వెనుక చూడండి. జ్ఞానదంతం సగమే బయటికి వచ్చి, దానిపై చిగురు మూతలా కప్పుకుని ఉంటే, ఆ సందులో అన్నం మెతుకులు చిక్కి, వాచి, చీము పడుతుంది. అప్పుడు నోరు సరిగా తెరుచుకోదు, గుటక వేస్తే గొంతు నొప్పెడుతుంది, చెవి పోటు పెడుతుంది. పదిహేడు నుండి పాతికేళ్ల లోపువారిలో మూడు నొప్పులూ కలిసి వస్తే నేను మొదట అనుమానించేది దీన్నే. పుచ్చిన పన్నును చెంచా కాడతో మెల్లగా తట్టినప్పుడు జివ్వుమంటే వేరు దగ్గర చీము చేరి ఉండవచ్చు.

జ్వరంతో పాటు టాన్సిల్స్ ఎర్రబడి తెల్లని మచ్చలుంటే మూలం గొంతులో ఉంది. పై దవడ పళ్లు వరుసగా సలుపుతూ, ముక్కు మూసుకుపోయి, వంగితే ముఖం బరువెక్కితే సైనస్ అనుకోవచ్చు. చెవి తమ్మెను లాగితే నొప్పి పెరిగినప్పుడు మాత్రం చెవి నాళాన్నే చూపించుకోవాలి. గట్టి జొన్నరొట్టె నమిలేటప్పుడు చెవి ముందు టక్కుమని చప్పుడై నొప్పి వస్తుంటే అది దవడ కీలుది.

గుట్కా, పొగాకు, వక్క నమిలేవారి సంగతి వేరు. చెవి బాగానే ఉందని వైద్యులు చెప్పాక కూడా ఒకవైపు పోటు తగ్గకపోయినా, నోటిలో పుండు లేదా తెల్లమచ్చ రెండు వారాలకు మానకపోయినా, మెడలో గడ్డ తగిలినా, క్యాన్సర్ కాదని తేలేవరకు ఊరుకోకూడదు.

గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం, పడేవారికి పారాసిటమాల్ తాత్కాలిక ఉపశమనమిస్తాయి. మాత్రను నూరి చిగురుపై పెట్టకూడదు, అక్కడి పొర కాలుతుంది. మెడికల్ షాపులో రెండు రోజులకు కొన్న యాంటీబయాటిక్ నొప్పిని అణచినా, పంటి వేరులో చీము అక్కడే ఉంటుంది.

పన్ను అనుమానమైతే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కర్నూలు, అనంతపురం వారు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లవచ్చు. నాలుక కింద వాపు, ఉమ్మి మింగలేకపోవడం, గొంతు మారిపోవడం, ఊపిరాడకపోవడం, లేదా దవడ నొప్పితో పాటు ఛాతీ బిగుతు, చెమట కనిపిస్తే వేచి ఉండక 108కి ఫోను చేయాలి.